తామ్రశాసనాన్ని రెండో రేకు నుంచి చదవాలి

వేంగీ చాళుక్యుల రాగి శాసనం ఏది తీసుకున్నా మొదటి రేకు నిండా దాదాపు పొగడ్తే. మానవ్యస గోత్రులు, హారీతి పుత్రులు, కౌశికీదేవి వరంతో రాజ్యం పొందినవారు, వరాహ లాంఛనం కంటపడగానే శత్రువులు లొంగిపోయేటంతటివారు, అశ్వమేధం చేసి అవభృథ స్నానంతో, అంటే యజ్ఞం ముగిశాక చేసే స్నానంతో, పవిత్రులైనవారు. ఇంత సంస్కృతం దాటి రెండో రేకు దగ్గరికి వచ్చేసరికి గొంతు మారిపోతుంది. "ఫలానా విషయంలో ఉండే రాష్ట్రకూట ప్రముఖులైన కుటుంబులందరికీ రాజు ఇట్లా ఆజ్ఞాపిస్తున్నాడు. మీకు తెలిసి ఉండుగాక." విషయమంటే కొన్ని ఊళ్ల పాలనా విభాగం. రాష్ట్రకూటులంటే ఇక్కడ మాన్యఖేటపు రాజులు కారు, స్థానిక పెద్దలు. కుటుంబులంటే సేద్యం చేసుకునే గృహస్థులు.

అంటే శాసనం మాట్లాడుతున్నది దానం పుచ్చుకునే బ్రాహ్మణుడితో కాదు, నిన్నటిదాకా రాజుకు పన్ను కట్టిన రైతులతో. రేపటి నుంచి ఆ పన్ను ఎవరికి ముట్టాలో వాళ్లకు చెప్పడమే దీని అసలు పని. పొగడ్త, వంశావళి, శ్లోకాలు, ముద్ర, శాపాలు అన్నీ ఈ ఒక్క పని చుట్టూ అల్లుకున్నవే. పైగా ఇందులోని ప్రతి షరతు వెనకా అంతకుముందు ఎక్కడో జరిగిన ఒక తగాదా ఉంటుంది. శాసనాన్ని కీర్తిపత్రంగా కాకుండా దస్తావేజుగా చదివితే ఆ తగాదాలు ఒక్కొక్కటీ బయటపడతాయి.

దస్తావేజు ఎలా ఉండాలో ధర్మశాస్త్రమే నమూనా ఇచ్చింది. రాజు భూమి ఇచ్చినప్పుడు, రాబోయే మంచి రాజులకు తెలియడానికి, గుడ్డ మీదగానీ రాగిరేకు మీదగానీ రాయించాలంటుంది యాజ్ఞవల్క్య స్మృతి. పైన రాజముద్ర ఉండాలి. తన వంశం, తన పేరు, ఇచ్చినదాని పరిమాణం, హద్దుల వివరం, రాజు సంతకం, కాలం ఉండాలి. ఏ రాజవంశపు తామ్రశాసనం తీసుకున్నా ఇంచుమించు ఈ క్రమమే కనిపిస్తుంది. గుడ్డ మీద రాసినవి చివికిపోయాయి, రాగి మిగిలింది. మనకు మిగిలిన శాసనాల్లో దానాలే ఇంత ఎక్కువగా కనిపించడానికి ఇదొక కారణం. రోజువారీ లావాదేవీలకు రాగి ఖర్చు పెట్టేవారు కాదు.

రాతి శాసనానికీ దీనికీ తేడా ఇక్కడే. రాయి గుడి ముందో ఊరి మధ్యో నిలబడి అందరికీ కనిపిస్తుంది. రాగిరేకులు దానం పొందినవారి ఇంట్లో ఉంటాయి, తగాదా వచ్చినప్పుడు బయటికి వస్తాయి. దక్షిణాదిలో వీటి ఆకారం తాటాకు నుంచి వచ్చింది. అడ్డంగా పొడవైన రేకులు, ఎడమవైపు ఒక రంధ్రం, అందులోంచి దూర్చిన రాగి కడియం, కడియం రెండు కొసలూ కలిసే చోట ముద్ర. అక్షరాలు అరిగిపోకుండా రేకుల అంచులు కొద్దిగా పైకి లేపేవారు. మొదటి రేకు, చివరి రేకు బయటి ముఖాలు సాధారణంగా ఖాళీగా వదిలేసేవారు. కడియం కోయకుండా మధ్యలో రేకు మార్చడం కుదరదు. వేంగీ చాళుక్యుల ముద్ర మీద వరాహం, సూర్యచంద్రులు, అంకుశం, "శ్రీ త్రిభువనాంకుశ" అనే బిరుదు ఉంటాయి. ఉత్తరాదిలో తరచు ఒకే పెద్ద రేకు, దానికే అతికించిన ముద్ర. చోళులు మరీ పొడవుగా రాయించారు. రాజేంద్రచోళుడి తిరువాలంగాడు శాసనానికి 31 రేకులున్నాయి.

తెలుగు నేల ఈ చరిత్రలో ముందు వరుసలోనే ఉంది. ఇక్ష్వాకు రాజు ఎహువల చాంతమూలుడి కాలపు పాతగండిగూడెం రేకులను ఇప్పటివరకు తెలిసిన తామ్రశాసనాల్లో అతి ప్రాచీనమైన దానపత్రంగా లెక్కిస్తున్నారు. ఆ తర్వాత పల్లవులవి. నరసరావుపేట దగ్గరి మైదవోలులో దొరికిన ఎనిమిది రేకుల ప్రాకృత శాసనం అందులో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, ఎందుకంటే అందులో పొగడ్త దాదాపు లేదు. యువమహారాజు శివస్కందవర్మ కాంచీపురం నుంచి ధాన్యకటకంలోని అధికారికి ఉత్తర్వు పంపుతాడు. ఆంధ్రాపథంలోని విరిపర అనే ఊరిని ఇద్దరు బ్రాహ్మణులకు ఇచ్చాను, దీనికి ఈ మినహాయింపులు అమలు చేయి అంటాడు.

ఆ మినహాయింపులే శాసనానికి ప్రాణం. ఈ ఊళ్లో రాజు తరఫున ఉప్పు తవ్వరాదు. రాష్ట్రాధికారులు జోక్యం చేసుకోరాదు. వంతులవారీగా ఎడ్లను తోలుకుపోరాదు. భటులు ప్రవేశించరాదు. అన్నం, నీళ్లకుండలు, మంచాలు, బస అడగరాదు. ఉత్తర్వు మీరినవాడికి శరీర దండన. ఈ జాబితాను తిరగేసి చదవండి. మినహాయింపు దొరకని మామూలు ఊరి బతుకు కళ్లకు కడుతుంది. అధికారి వస్తే అన్నం వండాలి, మంచం వేయాలి, ఎడ్లను అప్పగించాలి, ఎదురు మాట్లాడకూడదు. నాలుగో శతాబ్దపు పల్లె మీద రాజ్యం బరువు ఎంతో ఏ కావ్యమూ ఇంత సూటిగా చెప్పలేదు.

అయితే ఊరికి మినహాయింపు వచ్చిందంటే రైతుకు భారం తగ్గిందని కాదు. శాసనం రాజభటుణ్ణి ఆపుతుంది. దానం పొందినవారికి రైతు ఏమీ ఇవ్వనక్కర్లేదని మాత్రం ఎక్కడా చెప్పదు. ఊరంతా ఇచ్చిన చాలా దానాల్లో మారేది మట్టి మీద యాజమాన్యం కన్నా ఆ మట్టి నుంచి వచ్చే రాజు వాటా. దున్నేవాడు దున్నుతూనే ఉంటాడు, ధాన్యం వెళ్లే గాదె మారుతుంది. తర్వాతి శతాబ్దాల్లో ఈ హక్కుల జాబితా ఒక స్థిరమైన సూత్రంగా గట్టిపడింది. విజయనగర కాలపు శాసనాల్లో పదే పదే కనిపించే అష్టభోగాలు అదే. నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షిణి, ఆగామి, సిద్ధం, సాధ్యం. భూమిలో దొరికే లంకెబిందె మొదలు భవిష్యత్తులో రాబోయే ఆదాయం దాకా అన్నీ నీవే అని. ఆ శాసనాలు చాలావరకు నందినాగరి లిపిలో సాగి, చివర "శ్రీ విరూపాక్ష" అనే సంతకం మాత్రం కన్నడ తెలుగు లిపిలో ఉంటుంది.

దానం ఎప్పుడూ షరతుల్లేకుండా ఉండేదనుకోవడం కూడా పొరపాటే. వాకాటక రాజు రెండవ ప్రవరసేనుడు చర్మాంక గ్రామాన్ని వెయ్యిమంది బ్రాహ్మణులకు ఇచ్చాడు. విదర్భలోని అచలపురం దగ్గర దొరికిన ఆ చమ్మక్ శాసనంలో ఒక మెలిక ఉంది. వీళ్లు రాజ్యానికి ద్రోహం చేయకూడదు, బ్రహ్మహత్య, దొంగతనం, వ్యభిచారం, రాజుకు విషం పెట్టడంలాంటివి చేయకూడదు, యుద్ధాలకు దిగకూడదు, పక్క ఊళ్లకు హాని తలపెట్టకూడదు. అలా నడుచుకుంటేనే సూర్యచంద్రులున్నంత కాలం. లేదంటే రాజు వెనక్కి తీసుకున్నా అది అపహరణ కాదు. వేదం చదువుకునేవాళ్లకు ఊరు ఇస్తూ కత్తి పట్టొద్దని రాయించుకున్నారంటే, పట్టే అవకాశం ఉందని రాజుకు తెలుసన్నమాట.

ఇక కొలతలు, హద్దులు. వేంగి శాసనాల్లో పొలాన్ని చాలాసార్లు విత్తనంతో కొలుస్తారు. "పన్నెండు ఖండికల ఆరికల విత్తనం పట్టే క్షేత్రం" అన్నట్టు. ఖండిక అంటే ధాన్యపు కొలత, ఆరికలు ఒక చిరుధాన్యం. గొలుసుతో కొలిచే అలవాటున్నవాళ్లకు ఇది వింతగా ఉంటుంది గానీ రైతుకు ఇదే అర్థవంతం. నేల సారాన్నిబట్టి, పంటనుబట్టి విత్తనం పట్టే తీరు మారుతుంది. అందుకే ఈ కొలతలను ఎకరాల్లోకి మార్చి పట్టికలు వేసేవారిని చూస్తే నాకు కాస్త అనుమానం. నివర్తనం అనే కొలతకే ప్రాంతానికో లెక్క ఉంది.

హద్దులు చెప్పేటప్పుడు సంస్కృతం తరచు తప్పుకుంటుంది. అప్పటిదాకా సమాసాలతో నడిచిన శాసనం తెలుగులోకి దిగుతుంది. తూర్పున ఫలానా చెరువు, ఆగ్నేయాన చింత, దక్షిణాన పుట్ట, నైరుతిన మూడు ఊళ్ల పొలిమేరలు కలిసే చోటు. ఇది భాషాభిమానం కాదు, అవసరం. వంశకీర్తి పండితులకు అర్థమైతే చాలు. గట్టు దగ్గర గొడవ వస్తే సాక్ష్యం చెప్పేది ఊరివాడు. అతనికి అర్థం కావాల్సిన భాగం అతని మాటలోనే ఉండాలి. మనకు లాభమేమిటంటే నన్నయకు ముందు కాలపు తెలుగు ఊళ్ల పేర్లు, చెట్ల పేర్లు, నీటివనరుల పేర్లు ఈ హద్దుల్లో భద్రంగా ఉన్నాయి. నన్నయ స్వయంగా ఈ పని చేసినవాడే. రాజరాజనరేంద్రుడు నందంపూడి గ్రామాన్ని నారాయణభట్టుకు ఇచ్చిన శాసనానికి శ్లోకాలు కూర్చింది నన్నయభట్టు. మహాభారతం తెలుగు చేయడంలో తనకు తోడ్పడిన మిత్రుడి అగ్రహారానికి కవి తానే దస్తావేజు రాశాడు.

పొగడ్త భాగాన్ని ఇంతసేపు పక్కన పెట్టాం గానీ అందులోనూ ఒక నిధి ఉంది. చాళుక్యులు వంశావళి చెప్పేటప్పుడు ఒక్కొక్క రాజు ఎన్నాళ్లు ఏలాడో లెక్క చెబుతారు. కుబ్జవిష్ణువర్ధనుడు 18 ఏళ్లు, మంగి యువరాజు 25 ఏళ్లు, కొక్కిలి ఆరు నెలలు, ఇంద్రభట్టారకుడు ఏడు రోజులు. రాజవంశపు కాలక్రమాన్ని ఇంత పొందికగా రాసిపెట్టినవారు అరుదు. చిక్కెక్కడంటే శాసనాలు ఒకదానితో ఒకటి ఏకీభవించవు. మొదటి జయసింహుడికి కొన్ని 30 ఏళ్లంటాయి, కొన్ని 33 అంటాయి. రెండవ విజయాదిత్యుడికి 40, 44, 48 అని మూడు లెక్కలున్నాయి. రెండవ అమ్మరాజు పట్టాభిషేకానికి శకం 867 (క్రీ.శ. 945) అనీ, రాజరాజనరేంద్రుడికి శకం 944 (క్రీ.శ. 1022) అనీ కచ్చితమైన తేదీలు దొరికాయి కాబట్టి అక్కడి నుంచి వెనక్కి లెక్కించుకుంటూ పోవాలి. దారిలో ఏ లెక్క ఎంచుకుంటే ఆ ఫలితం. వేంగి రాజ్యం క్రీ.శ. 615లో మొదలైందా, 624లోనా అన్న వాదం ఇంతకాలం సాగడానికి కారణం ఇదే.

దానం తరచు గ్రహణం నాడో సంక్రాంతి నాడో నీళ్లు వదిలి ఇస్తారు గనుక తిథి, వారం, గ్రహణం కలిస్తే తేదీ తేల్చవచ్చు. ఉమ్మడి నల్లగొండ జిల్లా తుమ్మలగూడెంలో, అంటే పాత ఇంద్రపాలనగరంలో దొరికిన విష్ణుకుండినుల శాసనంలో శకం 488 (క్రీ.శ. 566) అని నేరుగా సంవత్సరమే ఉండడంతో ఆ వంశపు కాలక్రమానికి ఒక గట్టి ఆధారం దొరికింది. అవి బౌద్ధ విహారానికి సంబంధించిన రేకులు. భూదానం అనగానే బ్రాహ్మణ అగ్రహారమే గుర్తొస్తుంది గానీ రెండవ అమ్మరాజు మలియపూండి శాసనం జినాలయానికిచ్చినది, కలుచుంబర్రు శాసనం చామెకాంబ అనే స్త్రీ పూనికతో జైనుల భోజనశాలకు ఇప్పించినది.

శాసనం చివర శాపాలుంటాయి. తానిచ్చినదైనా ఇతరులిచ్చినదైనా భూమిని హరించినవాడు అరవైవేల ఏళ్లు మలంలో పురుగై పుడతాడనే శ్లోకం ("స్వదత్తాం పరదత్తాం వా...") దేశమంతటా కనిపిస్తుంది. దాని పక్కనే ఇంకో శ్లోకం. "భూమిని ఎందరో ఇచ్చారు, ఎందరో కాపాడారు. ఎప్పుడు ఎవరిదైతే అప్పుడు ఆ ఫలం వారిదే." ఇది బెదిరింపు కాదు, బేరం. నువ్వివ్వకపోయినా కాపాడితే పుణ్యంలో వాటా నీదేనని రాబోయే రాజును ఊరిస్తున్నారు. కొత్త రాజును కోర్టుకీడ్చడం సాధ్యంకాని చోట ఇంతకన్నా చేయగలిగింది లేదు. అది ఎంతవరకు పనిచేసిందో వేల్విక్కుడి శాసనం చెబుతుంది. పూర్వం ముదుకుడుమి పెరువళుది అనే పాండ్యరాజు ఇచ్చిన ఊరిని కళభ్రులు లాక్కున్నారు. తరాలు గడిచాక ఎనిమిదో శతాబ్దంలో ఆ వంశీకుడొకడు పాండ్యరాజు నెడుంజడయన్ ముందు మొరపెట్టుకున్నాడు. పాతదానమని రుజువు చేయి అన్నాడు రాజు. రుజువు చేశాక ఊరు మళ్లీ రాసిచ్చాడు.

రుజువుకు ఇంత విలువ ఉంటే దొంగ రుజువులూ పుడతాయి. హర్షుడి మధుబన్ శాసనం (631) మొదలవడమే అలాంటి కేసుతో. సోమకుండకా అనే ఊరిని వామరథ్యుడనే బ్రాహ్మణుడు కూటశాసనంతో, అంటే దొంగ పత్రంతో, అనుభవిస్తున్నాడని తేలింది. ఆ రేకును పగలగొట్టించి, ఊరిని వేరే ఇద్దరికి ఇచ్చామంటాడు హర్షుడు. మూడేళ్ల ముందటి బాంస్‌ఖేరా రేకు మీద హర్షుడి సొంత దస్తూరీ అంటూ నగిషీ సంతకం చెక్కి ఉంది. అంత హంగామా ఎందుకో మధుబన్ చదివాక అర్థమవుతుంది.

మనదాకా వచ్చినవాటిలోనూ దొంగవి ఉన్నాయి. సముద్రగుప్తుడి పేర గయలో దొరికిన రేకును పరిశోధకులు నమ్మరు. పట్టుబడిన తీరు ముచ్చటగా ఉంటుంది. రాజు బిరుదులన్నీ షష్ఠీ విభక్తిలో ఉండి, పేరు మాత్రం ప్రథమలో ఉంది. అతని తర్వాతి రాజుల శాసనాల్లో "ఫలానా ఫలానా సముద్రగుప్తుని కుమారుడు" అని వచ్చే వాక్యాన్ని చూసి రాసినవాడు బిరుదుల విభక్తి మార్చడం మరిచాడు. లిపి చెప్పిన కాలానికి సరిపడకపోవడం, తిథివారాలు కలవకపోవడం, అప్పటికి పుట్టని బిరుదులు వాడడం, ఇవి మిగతా ఆనవాళ్లు. కానీ దొంగ శాసనమంటే అంతా అబద్ధమని కొట్టేయలేం. పోయిన పాత పత్రానికి తర్వాతి కాలంలో రాసుకున్న నకలు కూడా అచ్చం ఇలాగే కనిపిస్తుంది. కామరూప (ఇప్పటి అస్సాం ప్రాంతపు) రాజు భాస్కరవర్మకు ఈ ఇబ్బంది తెలుసు. తన పూర్వీకుడు భూతివర్మ ఇచ్చిన శాసనం కాలిపోగా దాన్ని తిరగరాయిస్తూ, నిధన్‌పూర్ రేకుల చివర ఒక శ్లోకం చేర్పించాడు. పాతది కాలిపోయాక కొత్తగా రాసినవి కాబట్టి అక్షరాల రూపు వేరుగా ఉంది, అంతమాత్రాన ఇవి దొంగవి కావు అని. లిపి రూపాన్నిబట్టి కాలాన్ని అనుమానించడం ఆధునిక పరిశోధకులు కనిపెట్టిన విద్య కాదని ఈ శ్లోకమే సాక్ష్యం.

బెంగాల్లో గుప్తుల కాలపు రేకులు మరో దారిలో నడుస్తాయి. అక్కడ ముందు కొనుగోలు, తర్వాత దానం. పహార్‌పూర్ శాసనం (479) ప్రకారం నాథశర్మ, అతని భార్య రామి, జైన విహారానికి ఇవ్వడం కోసం ఒకటిన్నర కుల్యవాపాల (కుల్యవాపం అప్పటి భూమి కొలత) భూమిని కుల్యవాపానికి రెండు దీనారాల (బంగారు నాణేల) చొప్పున కొన్నారు. ముందు పుస్తపాలులు, అంటే రికార్డులు చూసే ఉద్యోగులు, అభ్యంతరం లేదని నివేదిక ఇచ్చారు. బొక్కసానికి డబ్బు, చక్రవర్తికి పుణ్యంలో ఆరోవంతు అని లాభం లెక్క కూడా కట్టి చూపించారు. ఫైలు నడిచే పద్ధతి అప్పటికే బాగా ముదిరిపోయినట్టుంది.

ఈ దానాలన్నీ కలిసి సమాజాన్ని ఏం చేశాయన్న ప్రశ్న మీద చరిత్రకారులు దశాబ్దాలుగా తగవు పడుతున్నారు. పన్ను, న్యాయ అధికారాలు రాజు చేజారి మధ్యవర్తుల పాలయ్యాయనీ, రైతు వాళ్లకు లోబడ్డాడనీ, ఇదే భారతీయ భూస్వామ్య వ్యవస్థ అనీ ఆర్.ఎస్. శర్మ వాదించారు. ఐరోపాలోలాగా సైనిక సేవకు బదులుగా ఇచ్చినవి కావు, ఎక్కువభాగం పుణ్యార్థం ఇచ్చినవి, అలాంటప్పుడు ఆ పేరెలా సరిపోతుందని డి.సి. సర్కార్ ఎదురు ప్రశ్న వేశారు. అడవులు, బీళ్లు ఉన్న చోటికి సేద్యాన్నీ రాజ్యాన్నీ విస్తరించిన సాధనాలుగా వీటిని చూడాలని బి.డి. చట్టోపాధ్యాయ వంటివారన్నారు. నాకు మూడో వాదన తెలుగు నేలకు దగ్గరగా అనిపిస్తుంది. కానీ విరిపర మినహాయింపుల జాబితా చదివాక శర్మ వాదనను పూర్తిగా తోసిపుచ్చలేను. ఈ వాదంలో ఎవరికైనా అడ్డుపడే లోటు ఒకటే. పుచ్చుకున్నవాడి తండ్రి, తాత, గోత్రం, సూత్రం, చదువు అన్నీ రేకుల మీద ఉంటాయి. ఆ ఊరిని దున్నినవాడి పేరు సాధారణంగా ఉండదు.

ఐరోపా పండితులు వీటిని చదవడం 1781లో మొదలైంది. ముంగేర్‌లో దొరికిన పాలరాజు దేవపాలుడి రేకును చార్లెస్ విల్కిన్స్ అనువదించాడు. ఆ తర్వాత బయటపడ్డవాటిలో ఎన్నో నాగలి చాలుకో ఇంటి పునాదికో తగిలినవే. చాలాసార్లు రేకులు పరిశోధకుడి చేతికి వచ్చేసరికి కడియం కోసేసి ఉంటుంది. లోపల బంగారం ఉందేమోనన్న ఆశ. కరిగించి చెంబులు చేయించుకున్నవి ఎన్నో లెక్క తేలదు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువైనదేది భూమిలో దొరికినా కలెక్టరుకు తెలపాలి. చింతపండుతో తోమితే చిలుముతోపాటు సన్నని గీతలూ పోతాయి కాబట్టి తోమకూడదు. దొరికిన చోటు కచ్చితంగా రాసిపెట్టుకోవాలి. కాకపోతే ఆ చోటే దానమిచ్చిన ఊరని వెంటనే తేల్చేయకూడదు. కుటుంబాలు వలసపోతూ రేకులనూ వెంట తీసుకుపోయేవి. ఏ ఊరో తేలాలంటే రెండో రేకు దాటి హద్దుల దగ్గరికే వెళ్లాలి. చుట్టుపక్కల ఊళ్ల పేర్లు ఇప్పటి పటంలో ఎక్కడ గుంపుగా కనిపిస్తాయో వెతకాలి.